పిల్లల ఫుట్‌బాల్‌లో విజిల్: రూల్ ఎక్కడ బిగించాలి, ఎక్కడ వదలాలి

పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్‌కి రిఫరీగా నిలబడినవాళ్లకు రెండు మాటలు బాగా అలవాటు. ఒకటి, "చిన్నపిల్లలు కదా సార్, వదిలేయండి." రెండోది, "రూల్ రూలే కదా సార్, ఎలా వదిలేస్తారు?" చాలాసార్లు ఈ రెండు మాటలూ ఒకే మనిషి నోటి నుంచి, ఒకే హాఫ్‌లో వస్తాయి. తమ పిల్లాడు త్రో (గీత దాటిన బంతిని చేతులతో లోపలికి విసరడం) తప్పుగా వేస్తే మొదటిది, అవతలి పిల్లాడు వేస్తే రెండోది. అలా అడిగే పీఈటీ సార్‌ని గానీ, తండ్రిని గానీ తప్పుపట్టలేం. వాళ్లకు తమ పిల్లల మీద ప్రేమ. కానీ మధ్యలో విజిల్ పట్టుకున్న మనిషికి ఏ మాట ఎప్పుడు వినాలో తెలిసుండాలి. తెలియకపోతే కొందరు ప్రతిదానికీ విజిల్ ఊది ఆటను ముక్కలు ముక్కలు చేస్తారు. ఇంకొందరు అన్నిటికీ తల ఊపుతూ పోయి, చివరికి ఒక పిల్లాడు కాలు పట్టుకుని ఏడుస్తూ బయటికి వెళ్లేదాకా తెచ్చుకుంటారు.

రూల్స్ ఒకవైపు, ఇంగితజ్ఞానం ఇంకోవైపు అని విడగొట్టుకోవడంలోనే చిక్కంతా ఉంది. ఫుట్‌బాల్ నిబంధనలు అలా విడగొట్టవు. కొన్నిచోట్ల అవి "నీకేమనిపిస్తోంది" అని రిఫరీనే అడుగుతాయి. కొన్నిచోట్ల అడగవు. అడిగినచోట ఆలోచించాలి, అడగనిచోట తడుముకోకుండా అమలు చేయాలి. పిల్లల మ్యాచ్‌లో కష్టమల్లా ఏది ఏ రకమో అప్పటికప్పుడు గుర్తుపట్టడమే.

ఫుట్‌బాల్ రూల్స్ రాసేది ఫిఫా అని చాలామంది అనుకుంటారు. రాసేది ఐఎఫ్ఏబీ అనే మండలి. 1886లో ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ ఫుట్‌బాల్ సంఘాలు కలిసి పెట్టుకున్నది. ఇప్పుడు నాలుగు బ్రిటిష్ సంఘాలకు తలా ఒక ఓటు, ఫిఫాకు నాలుగు ఓట్లు. ఎనిమిదింట ఆరు పడితేనే ఏ మార్పయినా. మొత్తం 17 నిబంధనలు. 2016లో వీటిని బాగా సరళం చేసి తిరగరాసినప్పుడు, రిఫరీ గురించి చెప్పే ఐదో నిబంధనలో ఒక సంగతి స్పష్టంగా చేర్చారు. రిఫరీ తన నిర్ణయాలను నిబంధనల ప్రకారమే కాకుండా ఆట స్ఫూర్తి ప్రకారం కూడా తీసుకోవాలని, తగిన చర్య ఏదో తేల్చుకునే విచక్షణ అతనికి ఉంటుందని, అయితే అది నిబంధనల పరిధిలోనే ఉండాలని. ఈ చివరి మాట చాలా ముఖ్యం. రిఫరీలు తమలో తాము "18వ రూల్" అని ఒకటి చెప్పుకుంటారు. 17 రూల్స్ అయ్యాక మిగిలే ఆ ఒక్కటి ఇంగితజ్ఞానం అని. వినడానికి బాగుంటుంది గానీ, మిగతా పదిహేడింటినీ కొట్టేసే హక్కు దానికి ఉందన్నట్టు కొందరు వాడతారు. అలాంటి హక్కు దానికి లేదు.

మూడు అంచెలు

పిల్లల మ్యాచ్‌లో రిఫరీ చేతిలో ఉండేది ఒక్క రూల్స్ పుస్తకం కాదు. అడుగున ఐఎఫ్ఏబీ నిబంధనలు ఉంటాయి. వాటి మీద ఆయా దేశాల సంఘాలు చేసుకున్న మార్పులు. పిల్లల ఆటకు గ్రౌండ్ కొలతలు, బంతి సైజు, బరువు, గోల్ వెడల్పు, ఆట సమయం మార్చుకోవచ్చని, మార్చి బయట కూర్చోబెట్టిన ఆటగాడిని మళ్లీ దించుకోవచ్చని ఐఎఫ్ఏబీ పుస్తకమే అనుమతిస్తుంది. ఆ పైన టోర్నమెంట్ నిర్వాహకుల నియమాలు. వయసు సర్టిఫికెట్లు, ఎంత ఆలస్యమైతే వాకోవర్, డ్రా అయితే ఏం చేయాలి వంటివన్నీ ఇందులోకి వస్తాయి.

పిల్లల కోసం సడలించాల్సినవి చాలావరకు ఈ రెండో అంచెలోనే సడలించి పెట్టారు. ఇంగ్లండ్‌లో ఐదుగురు, ఏడుగురు ఆడే చిన్నపిల్లల మినీ సాకర్‌లో ఆఫ్‌సైడే (బంతి కంటే ముందు, అవతలి గోల్ దగ్గర కాచుకుని ఉండకూడదనే రూల్) లేదు. అమెరికా ఫుట్‌బాల్ సంఘం 2015లో పదేళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలు తలతో బంతి కొట్టకూడదని ప్రకటించింది. కావాలని కొడితే అవతలి జట్టుకు ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్, అంటే నేరుగా గోల్ కొట్టడానికి వీల్లేని ఫ్రీకిక్. ఇంగ్లండ్ కూడా 2024-25 సీజన్ నుంచి అండర్-7 మొదలుకొని అండర్-11 దాకా దశలవారీగా హెడర్లు తీసేస్తోంది. మన దగ్గర 2018లో మొదలైన గోల్డెన్ బేబీ లీగ్స్‌లోనూ చిన్న గ్రౌండ్లు, తక్కువమంది ఆటగాళ్లు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో శనివారం పొద్దున్నే పిల్లల్ని సాకర్‌కి తీసుకెళ్లే మన తెలుగువాళ్లు, టీవీలో చూసిన రూల్స్ గుర్తుపెట్టుకుని "అది హెడర్ కదా, ఫౌల్ ఏంటి?" అని అడుగుతుంటారు. ఆ రిఫరీ అతిగా ఏమీ చేయడం లేదు. ఆ వయసుకి రాసిన రూల్‌నే అమలు చేస్తున్నాడు.

పిల్లల కోసం ఆటను మార్చడం హైదరాబాద్‌కి కొత్తేమీ కాదు. 1951, 1962 ఆసియా క్రీడల్లో మన దేశానికి స్వర్ణాలు తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిరీత్యా టీచర్. పాస్ ఇచ్చే అలవాటు రావాలని డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టించారాయన. అంటే పెద్దల ఆటలో తప్పు కానిదాన్ని నేర్పడం కోసం తప్పుగా మార్చారు. ఆ మార్పు మ్యాచ్‌కి ముందే, రెండు జట్లకూ తెలిసేలా జరిగింది. మధ్యలో రిఫరీకి బుద్ధి పుట్టి చేసింది కాదు. ఆయన కొడుకు ఎస్.ఎస్. హకీమ్ తర్వాత ఫిఫా రిఫరీ అయ్యారు. 1988 ఆసియా కప్‌లో విజిల్ పట్టారు.

ఆఫ్‌సైడ్ ఉన్న అండర్-14 మ్యాచ్‌లో "చిన్నపిల్లలు కదా" అని ఆఫ్‌సైడ్ చూడకపోవడం ఇంగితజ్ఞానం కింద రాదు. అది రిఫరీ రూల్ మార్చడం. ఆ పని చేయాల్సినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు చేయలేదంటే, ఈ వయసు పిల్లలకు ఆఫ్‌సైడ్ ఉండాలనే అనుకున్నారన్నమాట.

వదిలేస్తే నష్టం ఎవరికి?

మరి రిఫరీకి మిగిలే విచక్షణ ఏమిటి? నేను నమ్మే పరీక్ష ఒకటుంది. దీన్ని నేను వదిలేస్తే నష్టం ఎవరికి? ఎవరికీ లేకపోతే వదలొచ్చు. ఆ తప్పు చేసిన పిల్లాడికే కొద్దిగా ఉంటే చెప్పి సరిచేయించాలి. అవతలి పిల్లలకు ఉంటే వదలకూడదు.

త్రోనే తీసుకోండి. అండర్-10 మ్యాచ్. టచ్‌లైన్ (గ్రౌండ్ పక్క గీత) దగ్గర ఒక పాప బంతిని రెండు చేతులతో తల వెనక్కి తీసుకెళ్లింది. అక్కడిదాకా బాగానే ఉంది. విసిరేటప్పుడు బలమంతా పెట్టేసరికి వెనక కాలు గాల్లోకి లేచింది. రెండు పాదాల్లోనూ కొంత భాగమైనా నేలను తాకి ఉండాలన్నది నిబంధన. కాబట్టి తప్పే. త్రో అవతలి జట్టుకు ఇవ్వాలి. ఇచ్చామనుకోండి, అవతలి పాప వచ్చి ఆమె కాలూ లేపుతుంది. మళ్లీ విజిల్. ఐదు నిమిషాలు త్రోలతోనే సరిపోతుంది, బంతి ఎవరి కాలికీ తగలదు. ఆ బంతి పోయి పడింది నాలుగడుగుల దూరంలో. ఆ లేచిన కాలి వల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు. ఇక్కడ "కాలు నేలమీదే ఉంచమ్మా, ఇంకోసారి వెయ్యి" అనడం ఉత్తమం. అయితే మళ్లీ వేయించడం ఐఎఫ్ఏబీ నిబంధనల్లో లేదు. అందుకే ఆట మొదలవకముందే నిర్వాహకులతో మాట్లాడి, "ఈ వయసువాళ్లకు ఫౌల్ త్రో అయితే ఒక ఛాన్స్ ఇస్తాం" అని ఇద్దరు కోచ్‌లకూ చెప్పాలి. అదే కాలు అండర్-17 మ్యాచ్‌లో, పెనాల్టీ ఏరియాలోకి (గోల్ ముందు గీసిన పెద్ద పెట్టెలోకి) దూరంగా విసిరే త్రోలో లేచిందనుకోండి, అప్పుడది అవతలి జట్టు మీద సంపాదించిన లాభం. విజిల్ ఊదాల్సిందే.

ఫౌల్స్ దగ్గర ఈ పరీక్ష ఇంకా గట్టిగా పనిచేస్తుంది. పిల్లలు ఫౌల్ చేసిన ప్రతిసారీ చెప్పే మాట, "కావాలని చేయలేదు సార్." పదింట తొమ్మిదిసార్లు నిజమే చెబుతారు. పదమూడు పద్నాలుగేళ్ల వయసులో ఒక్క ఏడాదిలో ఒళ్లు సాగిపోతుంది. కాలు ఎక్కడిదాకా వెళ్తుందో ఆ పిల్లాడికే అంచనా ఉండదు. కానీ నిబంధన అడిగేది ఉద్దేశం గురించి కాదు. జాగ్రత్త లేకుండా తగిలితే డైరెక్ట్ ఫ్రీకిక్, కార్డు లేదు. ఎదుటివాడికి ప్రమాదమని పట్టించుకోకుండా దూకితే ఎల్లో. అవసరానికి మించిన బలంతో ఎదుటివాడి ఒంటికి ముప్పు తెస్తే రెడ్. ఈ మూడింటిలో ఏది అన్నదే రిఫరీ తేల్చుకోవాలి, ఆ తేల్చుకోవడంలో పిల్లల వయసు, ఒడ్డు పొడుగు, వేగం అన్నీ లెక్కలోకి వస్తాయి. అంతేగానీ రెడ్ అని తేల్చుకున్నాక "పాపం చిన్నోడు" అని ఎల్లో తీయడం విచక్షణ కాదు. ఆ ట్యాకిల్ తగిలిన పిల్లాడూ చిన్నోడే.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. గోల్‌కీపర్ ముందుకొచ్చి, బంతి కోసం పడబోయి, స్ట్రైకర్ కాలికి తగిలి పడేశాడు. ఖాయంగా గోలయ్యే అవకాశం పోయింది. బయటి నుంచి "రెడ్, రెడ్" అని అరుపులు. 2016 మార్పుల తర్వాత, పెనాల్టీ ఏరియాలో బంతి ఆడే ప్రయత్నంలో ఇలా జరిగితే పెనాల్టీ ఇచ్చి ఎల్లో చూపిస్తే చాలు. పెనాల్టీ, రెడ్, తర్వాతి మ్యాచ్‌కి సస్పెన్షన్ అని మూడు శిక్షలు ఒకేసారి పడటం ఎక్కువని ఐఎఫ్ఏబీయే తగ్గించింది. ఇక్కడ రిఫరీ జాలి చూపించనక్కర్లేదు. నిబంధన సరిగ్గా చదువుకుంటే చాలు. పిల్లల మ్యాచ్‌ల్లో కనిపించే అతి కఠినత్వంలో సగం పాత రూల్‌నే పట్టుకుని వేలాడటం వల్ల వస్తుంది.

ఒంటి మీద వస్తువులు

ఎక్కువ గొడవలు మ్యాచ్‌కి ముందే, జట్లు వరుసగా నిలబడినప్పుడు మొదలవుతాయి. మండల స్థాయి ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీలకు వచ్చే ప్రభుత్వ పాఠశాల జట్లలో అందరికీ షిన్‌గార్డులు ఉండవు. షిన్‌గార్డు తప్పనిసరి అని నాలుగో నిబంధన. "కొనుక్కోలేని పిల్లలు సార్" అని ఆ పీఈటీ అనే మాటలో అబద్ధం లేదు. కానీ వదిలేస్తే మోకాలి కింది ఎముక విరిగేది ఆ పిల్లాడిదే. ఇక్కడ చేయదగిన పని నియమాన్ని వంచడం కాదు, దారి వెతకడం. ముందు మ్యాచ్ ఆడేసిన జట్టు చెట్టు కింద కూర్చుని ఉంటుంది. వాళ్లలో నలుగురిని పిలిచి, చెమటకు తడిసిన షిన్‌గార్డులే అయినా ఇప్పించి, పిల్లల సాక్స్ పైకి లాగించి ఆట మొదలుపెట్టొచ్చు. పది నిమిషాలు ఆలస్యమవుతుంది. షెడ్యూల్ కొంచెం జరుగుతుంది. పిల్లలు ఆడతారు, కాళ్లు భద్రంగా ఉంటాయి. నా దృష్టిలో పిల్లల రిఫరీకి కావాల్సిన ఇంగితజ్ఞానం ముప్పాతిక మువ్వీసం ఇదే.

నగల సంగతి ఇంత తేలిక కాదు. గొలుసు, ఉంగరం, గాజు, చెవికమ్మ, తోలు పట్టీ, రబ్బరు బ్యాండు, అన్నీ తీసేయాలి. టేపు చుట్టి కప్పినా ఒప్పుకోమని నిబంధన పేరుపెట్టి మరీ చెబుతోంది. ఇది విచక్షణకు చోటివ్వని రకం. కానీ మన ఊళ్లలో ఆడపిల్లకు కొత్తగా ముక్కు కుట్టించి ఉంటారు, పుడక తీస్తే రంధ్రం పూడుకుపోతుందని తల్లి భయం. చేతికి కాశీదారం ఉంటుంది, మెడలో తాయెత్తు ఉంటుంది. ఉత్త నూలుదారం నగ కిందకు రాదు, ప్రమాదమూ లేదు, నేనైతే దాన్ని పట్టించుకోను. లోహపు తాయెత్తు మాత్రం తీయాల్సిందే. ముక్కుపుడకా అంతే. బంతి మొహానికి తగిలితే ఏమవుతుందో ఒక్కసారి ఆ తల్లికి నెమ్మదిగా చెబితే చాలామంది ఒప్పుకుంటారు. ఆ మాట మ్యాచ్ రోజు గ్రౌండ్ మధ్యలో నలుగురి ముందు కాకుండా, వారం ముందే స్కూళ్లకు పంపే సర్క్యులర్‌లో ఉండాలి. ఏడుస్తున్న పిల్లను పక్కన కూర్చోబెట్టే పరిస్థితి రిఫరీ కఠినత్వం వల్ల రాదు, నిర్వాహకులు ముందు చెప్పకపోవడం వల్ల వస్తుంది.

అదే నాలుగో నిబంధన కళ్లజోళ్ల గురించి వేరే స్వరంలో మాట్లాడింది. ఆటల కోసం చేసిన కళ్లజోళ్లు ఇప్పుడు భద్రంగా ఉంటున్నాయి కాబట్టి, ముఖ్యంగా చిన్నవాళ్ల విషయంలో రిఫరీలు ఉదారంగా ఉండాలని. ఒకే నిబంధనలో చెవికమ్మకు మినహాయింపు లేదు, కళ్లజోడుకు ఉంది. ఎందుకంటే కమ్మ లేకుండా పిల్ల ఆడగలదు, చూపు లేకుండా ఆడలేదు.

తలకు కట్టుకునే వాటి కథ కెనడాలో చాలా దూరం వెళ్లింది. 2007లో క్యూబెక్‌లోని లావల్‌లో ఒక ఇండోర్ టోర్నమెంట్‌కి ఒంటారియో నుంచి వచ్చిన 11 ఏళ్ల పాప హిజాబ్ తీయనన్నందుకు రిఫరీ బయటికి పంపాడు. ఆ జట్టు మొత్తం గ్రౌండ్ వదిలి వెళ్లిపోయింది. 2013లో అదే క్యూబెక్ సంఘం సిక్కు పిల్లలు తలపాగాతో ఆడకూడదంటే, కెనడా జాతీయ సంఘం క్యూబెక్ సంఘాన్నే సస్పెండ్ చేసింది. ఫిఫా అనుమతి ఉందని చెప్పాక నిషేధం ఎత్తేశారు. 2014 మార్చి 1న ఐఎఫ్ఏబీ తలకట్టును శాశ్వతంగా అనుమతించింది. జెర్సీకి కుట్టి ఉండకూడదు, నల్లగానో జెర్సీ రంగులోనో ఉండాలి, ఎవరికీ ప్రమాదం కాకూడదు, అంతే. ఆ పాపను వదిలేస్తే 2007లో నష్టం ఎవరికి? ఎవరికీ కాదు. సరిగ్గా కట్టుకుంటే ఆమెకూ కాదు. అప్పటి పుస్తకంలో తలకట్టు గురించి విడిగా మాటే లేదు, ఒంటి మీదున్నది ప్రమాదకరమా కాదా అన్న ప్రశ్నే ఉంది. అంటే నిబంధన రిఫరీ ఆలోచనను అడిగింది. అక్కడ ఆలోచించకుండా "లేదు" అనేయడం వల్ల ఒక పిల్ల ఆ రోజు ఆడలేకపోయింది.

బూట్ల గురించి ఒక్కమాట. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు ఎక్కువమంది ఉత్తకాళ్లతో ఆడి ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడారు. 1952 హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1 దెబ్బ తిన్నాక బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఇప్పటికీ పల్లెల్లో ఉత్తకాళ్లతో అద్భుతంగా ఆడే పిల్లలున్నారు. కానీ స్టడ్స్ బూట్లేసుకున్న పిల్లల మధ్యకు వాళ్లను అలా దించకూడదు. అందరూ ఉత్తకాళ్లతో ఆడే గ్రామీణ పోటీ పెట్టుకుంటే, అది నిర్వాహకుల నిర్ణయం. సగం సగం మాత్రం వద్దు.

ఇక అసలు చర్చే ఉండకూడనివి కొన్ని ఉన్నాయి. ఎక్కడికంటే అక్కడికి మోసుకెళ్లే ఇనుప గోల్‌పోస్టులు నేలకు గట్టిగా బిగించి ఉండాలని మొదటి నిబంధన. స్కూలు గ్రౌండ్లలో వాటిని ఊరికే నిలబెట్టి వదిలేస్తారు, పిల్లలు పైకమ్మీ పట్టుకుని వేలాడతారు. అవి మీదపడి పిల్లలు చనిపోయిన ఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి. ఇసుక బస్తాలు వేయించేదాకా మ్యాచ్ మొదలుపెట్టకూడదు, ముఖ్య అతిథి స్టేజీ మీద ఎదురుచూస్తున్నా సరే. ఉరుము వినపడితే ఆట ఆపాలి, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. చెట్టు కిందకు కాదు, బిల్డింగ్‌లోకి పంపాలి. ఎండ మండుతుంటే మధ్యలో నీళ్ల కోసం ఆపడానికి ఏడో నిబంధనలోనే చోటుంది. టోర్నమెంట్ షెడ్యూల్లో టైమ్ లేదంటే హాఫ్‌ల నిడివి తగ్గించుకోవాలి, నీళ్ల బ్రేక్ కాదు.

అతిగా వదిలితే

వదిలేయడంలో మనకు కనపడని ప్రమాదం ఇంకొకటుంది. గోల్‌కీపర్ బంతిని చేతుల్లో ఆరు సెకన్లకు మించి ఉంచుకోకూడదన్న రూల్ చాలా ఏళ్లు పుస్తకంలో ఉంది. దాటితే పెనాల్టీ ఏరియాలోనే ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్. ఆ శిక్ష తప్పుకు మించి కనిపించేది, అందుకని ప్రపంచమంతటా రిఫరీలు చూసీచూడనట్టు వదిలేశారు. చివరికి రూల్ ఉందన్న సంగతే కీపర్లు మర్చిపోయారు. 2025-26 నుంచి ఐఎఫ్ఏబీ సమయాన్ని ఎనిమిది సెకన్లు చేసి, శిక్షను కార్నర్‌కి తగ్గించి, చివరి ఐదు సెకన్లు రిఫరీ చేత్తో లెక్కపెట్టి చూపించాలని పెట్టింది. అందరూ వదిలేస్తే రూల్ చచ్చిపోతుంది. అప్పుడు దాన్ని హఠాత్తుగా అమలు చేసిన ఒక్క రిఫరీ విలన్ అవుతాడు. పిల్లల కీపర్‌కైతే మొదటిసారి "వదిలెయ్ బాబూ, టైమ్ అవుతోంది" అని చెప్పడం న్యాయమే. అదే మాట అవతలి కీపర్‌కీ చెప్పాలి.

అవతలివాళ్లకూ అన్నదే ఇక్కడ కీలకం. ఎస్‌జీఎఫ్ పోటీల్లో చాలాచోట్ల రిఫరీలు కూడా పీఈటీలే. ఏదో ఒక స్కూలు వాళ్లకు తెలిసినదై ఉంటుంది. అలాంటప్పుడు మొదటి పది నిమిషాల్లో ఏ గీత గీశారో ఆఖరి పది నిమిషాల్లోనూ అదే గీత ఉండాలి. 0-0 ఉన్నప్పుడు ఫౌల్ కానిది, 1-0 అయ్యాక ఫౌల్ కాకూడదు. పిల్లలు కఠినమైన రిఫరీని తట్టుకుంటారు, మెతక రిఫరీనీ తట్టుకుంటారు. మధ్యలో మారే రిఫరీని తట్టుకోలేరు.

రిఫరీతో వాదన దగ్గర చాలామంది తప్పు మెతకదనం చూపిస్తారు. కుర్రాడు నోరు జారాడు, వదిలేద్దాం అని. ఎదురు తిరిగిన ప్రతి పిల్లాడి వెనక ఎక్కువసార్లు టచ్‌లైన్ మీద అరిచే పెద్దమనిషి ఉంటాడు. 2019 నుంచి కోచ్‌లకు కూడా ఎల్లో, రెడ్ చూపించొచ్చు. అరిచిందెవరో తేలకపోతే బెంచీ మీదున్న సీనియర్ కోచ్‌కే కార్డు. చాలామంది ఈ అధికారాన్ని వాడరు, మొహమాటం. కోచ్‌కి ఒక్క ఎల్లో చూపిస్తే పిల్లలకు చూపించాల్సిన మూడు తగ్గుతాయని నా నమ్మకం. పిల్లలకైతే బయట కూర్చోబెట్టే పద్ధతి మంచిది. ఎల్లో చూపించి, ఆట సమయంలో 10 నుంచి 15 శాతం సేపు బయట ఉంచి మళ్లీ దించడం. పిల్లల ఆటకు, ఊళ్లలో ఆడే ఆటకు దీన్ని ఐఎఫ్ఏబీ అనుమతిస్తుంది. ఇంగ్లండ్‌లో ముందు ప్రయోగించి చూసిన లీగుల్లో రిఫరీతో వాదనలు 38 శాతం తగ్గాయని అక్కడి సంఘం చెప్పి, 2019-20 నుంచి కింది స్థాయి ఆటంతటికీ పెట్టింది. అయితే సంఘం ఒప్పుకున్న పోటీల్లోనే ఇది చెల్లుతుంది, రిఫరీ సొంతంగా పెట్టేది కాదు.

మాటలే కదా అని తీసిపారేయడానికి లేదు. 2012 డిసెంబర్‌లో నెదర్లాండ్స్‌లోని అల్మేరెలో ఒక పిల్లల మ్యాచ్‌కి లైన్స్‌మన్‌గా స్వచ్ఛందంగా నిలబడిన తండ్రిని ప్రత్యర్థి జట్టు కుర్రాళ్లు కొట్టారు. మర్నాడు ఆయన చనిపోయారు. తర్వాతి వారాంతం ఆ దేశంలో అమెచ్యూర్ మ్యాచ్‌లన్నీ రద్దు చేశారు.

సమయం విషయంలో మాత్రం కాస్త మెత్తగా ఉండొచ్చు. 1978 ప్రపంచకప్‌లో బ్రెజిల్, స్వీడన్ 1-1తో ఉండగా ఆఖరి క్షణాల్లో బ్రెజిల్‌కి కార్నర్ వచ్చింది. బంతి గాల్లో ఉండగానే వేల్స్ రిఫరీ క్లైవ్ థామస్ ఫైనల్ విజిల్ ఊదారు. జీకో తలతో కొట్టిన బంతి వలలో పడింది, గోల్ ఇవ్వలేదు. గడియారం ప్రకారం ఆయన చేసింది తప్పనలేం. కానీ ఎంత సమయం కలపాలన్నది రిఫరీ చేతిలోనే ఉంటుంది. కార్నర్ తీయనిచ్చినప్పుడు అది పూర్తవనివ్వడమే మేలు. పిల్లల మ్యాచ్‌లో గోల్ వైపు వెళ్తున్న బంతిని విజిల్‌తో చంపితే ఆ పిల్లలకు ఆ ఒక్కటే గుర్తుండిపోతుంది. అలాగే ఎండలో 12-0తో ఒక జట్టు నలిగిపోతున్నప్పుడు "ఇక ఊదేయండి సార్" అంటారు. ఆట మొదలయ్యాక సమయం తగ్గించే అధికారం ఎవరికీ లేదు, ఒప్పందమేదైనా మ్యాచ్‌కి ముందే, పోటీ నియమాలకు లోబడే జరగాలి. కానీ ఆ హాఫ్‌కి అదనంగా నాలుగు నిమిషాలు కలిపి తీరాలన్న పట్టుదల అక్కర్లేదు. ఆ నలిగిన జట్టు కోచ్‌తో మాట్లాడి, పిల్లల్ని మార్చుకోవడానికి వీలైనన్ని అవకాశాలు ఇవ్వొచ్చు.

వయసు గొడవలు రిఫరీ మెడకు చుట్టుకోకూడదు. అండర్-14 జట్టులో మీసాలొచ్చిన కుర్రాడు కనపడగానే అవతలి కోచ్ పరుగెత్తుకొస్తాడు. కోపం న్యాయమైనదే, ఎందుకంటే నిజంగా వయసు దాచి ఆడిస్తే నష్టం ఎదుటి జట్టులో ప్రతి పిల్లాడికీ, చోటు కోల్పోయిన ఇంకో పిల్లాడికీ. కానీ మొహం చూసి వయసు తేల్చే పని రిఫరీది కాదు. సర్టిఫికెట్లు చూడాల్సింది నిర్వాహకులు. రిఫరీ చేయాల్సింది అభ్యంతరం రాసుకుని, మ్యాచ్ ఆడించి, రిపోర్టులో పెట్టడం.

మ్యాచ్ అయ్యాక రిఫరీ దగ్గరకు వచ్చే ఆఖరి అభ్యర్థన ఈ రిపోర్టు గురించే. "రెడ్ ఇచ్చారు సరే, రిపోర్టులో రాయకండి సార్, పిల్లాడు జిల్లా సెలెక్షన్స్‌కి వెళ్లాలి." ఈ మాట వినడం కష్టంగా ఉంటుంది, అడిగేవాళ్ల కళ్లలో నీళ్లుంటాయి. అయినా రాయాలి. కొట్టించుకున్న పిల్లాడు కూడా అదే సెలెక్షన్స్‌కి వెళ్లాల్సినవాడే. రాసేటప్పుడు నిమిషం, జెర్సీ నంబర్, చూసింది చూసినట్టు, విన్న మాట విన్నట్టు రాయాలి. ముందు ఆ రెడ్ పడిన పిల్లాడిని ఎవరైనా రెచ్చగొట్టి ఉంటే అదీ రాయాలి. ఆ పిల్లాడు మ్యాచ్ అయ్యాక అవతలి డగౌట్‌కి వెళ్లి సారీ చెప్పి ఉంటే అది కూడా రాయాలి. శిక్ష ఎంత, తగ్గించాలా వద్దా అన్నది ఆ కాగితం చదివే కమిటీ తేల్చుకుంటుంది.